పాత బరంపురం వీధిని నీటిరంగుల్లో గీయాలంటే

నా మొదటి పాత వీధి బొమ్మలో ఒక ఎద్దుబండి ఉంది. నేను కూర్చుని గీసిన వీధిలో మాత్రం ఎద్దుబండి లేదు. రెండు స్కూటీలు, ఒక గ్యాస్ సిలిండర్ల ఆటో, మూత వేసి ఉన్న చాట్ బండి ఉన్నాయి. పాతదనం రావాలని అవన్నీ తీసేసి ఎద్దుబండి పెట్టాను. ఆకాశానికి టీ డికాక్షన్ రంగు పూశాను. గోడలన్నీ ఒకే గోధుమ రంగు. ఇంట్లో అందరూ బాగుందన్నారు. ఆ వీధిలోనే పుట్టి పెరిగిన మా పిన్ని మాత్రం కాసేపు పట్టి పట్టి చూసి, "బాగుందిరా, ఏ ఊరిది?" అంది.

ఆ ప్రశ్న మళ్ళీ రాకుండా ఉండటానికి నేను ఏళ్ళ తరబడి చేసుకున్న మార్పులే ఈ వ్యాసం. ఉదాహరణలు ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురానివి. పర్లాకిమిడిలోనైనా, జయపురంలోనైనా, రాయగడలోనైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. పెన్సిల్ పట్టడం, రంగు నీళ్ళలో కలపడం కొద్దిగా తెలిసినవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటే ఒక మాట. పేట స్వభావం గోపురంలోనో, చెక్కిన స్తంభంలోనో ఉంటుందని అందరం వాటి వెంట పడతాం. నా అనుభవంలో అది ఇల్లూ వీధీ కలిసే చోట ఉంటుంది. అరుగు, గడప, చూరు కింద నీడ, కాలువ మీద వేసిన రాతి పలక. ఇల్లు అక్కడ వీధిలోకి వస్తుంది, వీధి ఇంట్లోకి వెళ్తుంది. ఆ నాలుగడుగుల జాగా సరిగ్గా వస్తే పైకప్పు కొంచెం వంకర పోయినా మీ వీధిని ఆ వీధివాళ్ళు గుర్తుపడతారు.

1. ముందు చేతులూపుకుంటూ తిరగండి

మొదటి రెండుసార్లు రంగుల డబ్బా ఇంట్లో వదిలేయండి. ఒక చిన్న నోట్‌బుక్ చాలు. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం వెళ్ళండి.

బరంపురం పాత పేటల్లో ఇళ్ళు వీధి వైపు ఇరుగ్గా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. పక్కింటి గోడా మన గోడా ఒకటే. అందుకే ఒక్కొక్క ఇంటిని విడిగా చూడకండి, రైలు పెట్టెల్లా వరస మొత్తం చూడండి. తలుపు, కిటికీ, స్తంభం, మళ్ళీ తలుపు. ఈ వరసకు ఒక నడక ఉంటుంది. మధ్యలో ఎవరో పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తుల డాబా కట్టి ఉంటారు. అక్కడ నడక తప్పుతుంది. ఆ తప్పు కూడా పేట స్వభావమే, దాన్ని దాచకండి.

నోట్‌బుక్‌లో నేను రాసుకునేవి ఇలా ఉంటాయి: ఎన్ని ఇళ్ళకు ఇంకా అరుగు మిగిలింది, ఎన్నిటికి దాన్ని కోసి స్కూటీ ఎక్కించడానికి సిమెంటు వాలు పోశారు, అరుగు మీద ఎవరు ఏ వేళ కూర్చుంటున్నారు, చూరు పెంకుదా రేకుదా, నీళ్ళ పైపు ఎటు నుంచి దిగుతోంది. ఆ సిమెంటు వాలు చూడటానికి అందంగా ఉండదు. కానీ ఈ రోజు ఆ వీధి కథ చెప్పేది అదే.

ఇంకొకటి కూడా కనుక్కోండి, ఆ వీధిని తెలుగువాళ్ళు ఏమంటారు, ఒడియావాళ్ళు ఏమంటారు అని. మనకు వీధి, వాళ్ళకు సాహి. మన అరుగు వాళ్ళకు పిండా. మనం ముగ్గు అంటే వాళ్ళు ఝోటి అంటారు. ఇవి మాటల తేడాలే అనుకుంటే బొమ్మలో దెబ్బతింటారు. మార్గశిర మాసం గురువారాల్లో ఒడియా ఇళ్ళ ముందు వేసే ఝోటిని నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళతో వేళ్ళతో గీస్తారు. గీత లావుగా మొదలై వేలు ఎత్తిన చోట సన్నబడుతుంది, తడిమీద తడి కలిసి ముద్ద కడుతుంది. లక్ష్మీ పాదాలు లోపలికి నడుస్తున్నట్టు ఉంటాయి. మన ముగ్గు పొడితో చుక్కలు పెట్టి వేసేది, గీత అంచు రవ్వరవ్వగా ఉంటుంది, మధ్యాహ్నానికి కాళ్ళ కింద చెదిరిపోతుంది. రెండూ పక్కపక్క గడపల ముందు కనిపించే వీధి ఈ దేశంలో ఎక్కడ పడితే అక్కడ దొరకదు. కాగితం మీద ఝోటిని తెల్లని పోస్టర్ రంగుతో, నిండు కుంచెతో ఒకే ఊపులో వేయండి. ముగ్గును దాదాపు ఎండిన కుంచెతో కాగితం గరుకు మీద లాగి వదిలేయండి.

రెండేళ్ళకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర వస్తుంది. ఊరి దేవత బుఢీ ఠాకురాణి దేశిబెహెరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వచ్చి ఉంటుంది. రాత్రిళ్ళు ఘటాల ఊరేగింపు, పులివేషాలు, రకరకాల మొక్కుబడి వేషాలతో ఊరంతా మేలుకునే ఉంటుంది. ఆ రోజుల్లో గీయాలని అందరికీ ఉబలాటమే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను వద్దంటాను. ముందు మామూలు మంగళవారం ఆ వీధి ఎలా ఉంటుందో చేతికి రావాలి. అప్పుడే పండగనాడు ఏం మారిందో తెలుస్తుంది.

2. ఎండ లెక్క

ఇది చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం దీనికే ఎక్కువ టైమ్ ఇస్తాను. బరంపురం 19 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన ఉంది. అంటే మే మూడో వారంలో ఒకసారి, జూలై చివరి వారంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు చూరు నీడ నిలువునా గోడ మీద జారుతుంది, వీధి నేల మీద ఎక్కడా నీడ ఉండదు. బొమ్మ చప్పగా వస్తుంది, మీకు వడదెబ్బ తగులుతుంది.

డిసెంబరు మూడో వారం సంగతి వేరు. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 12 అడుగుల గోడ నీడ 11 అడుగుల దాకా పడుతుంది. తూర్పు పడమరలుగా సాగే 12 అడుగుల సందు ఉందనుకోండి, దక్షిణం వైపు ఇళ్ళ నీడ నేలనంతా కప్పేసి ఎదుటి అరుగు దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఎదుటి ఇళ్ళ ముఖాలు మాత్రం ఎండలో వెలుగుతుంటాయి. చల్లని నేల, వేడి గోడ. పాత వీధికి ఇంతకన్నా మంచి వెలుతురు లేదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నా ఆదివారాలన్నీ ఈ సందులకే.

ఉత్తర దక్షిణాలుగా సాగే వీధులకు పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతం, సాయంత్రం నాలుగు ప్రాంతం మంచివి. పొద్దున ఒక వరస, సాయంత్రం ఇంకో వరస వెలుగుతాయి.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మీరు తీరిగ్గా కిటికీ ఊచలు లెక్కపెట్టేలోగా నీడ అంచు అరుగు ఎక్కేస్తుంది. అందుకని కూర్చోగానే, ఇంటి గీతల కన్నా ముందు, నీడ అంచు ఎక్కడుందో సన్నగా గీసేసుకోండి. ఆ తర్వాత అది ఎంత జరిగినా మీ బొమ్మలో జరపకండి.

3. సామాను

ఎక్కువ వద్దు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితం, 28×38 సెంటీమీటర్ల ముక్క, మధ్యరకం గరుకు. పన్నెండో నంబరు గుండ్రటి కుంచె, ఆరో నంబరుది, తీగలకు ఒక సన్నని పొడుగు కుంచె. రంగులు ఆరు: యెల్లో ఆకర్, బర్న్‌ట్ సియెన్నా, లైట్ రెడ్, అల్ట్రామెరీన్, సెరూలియన్ బ్లూ, ఒక లెమన్ యెల్లో. ఇవి కాక తెల్ల పోస్టర్ రంగు చిన్న సీసా. నల్ల ట్యూబు ఇంట్లోనే ఉంచండి. డబ్బులు తక్కువైతే రంగుల్లో తగ్గండి, కాగితంలో తగ్గకండి. పల్చటి డ్రాయింగ్ షీటు మీద ఎంత మంచి రంగు వేసినా అప్పడంలా వంకర్లు పోతుంది.

మాది సముద్రానికి దగ్గరి ఊరు, గోపాలపురం గాలి ఇక్కడిదాకా తగులుతుంది. వానాకాలంలో పూత ఎంతకీ ఆరదు, ఒక విసనకర్ర పట్టుకెళ్ళండి. ఎండాకాలంలో కుంచె తిప్పేలోగా ఆరిపోతుంది, అప్పుడు కాగితం వెనక వైపు తడిగుడ్డతో తుడిచి మొదలుపెట్టండి. కాటన్ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెడితే బూజు పడుతుంది. నావి ఎనిమిది మంచి కాగితాలు అలా పోయాయి. మధ్యలో న్యూస్‌పేపర్ పెట్టి అట్టల మధ్య ఉంచడమే మేలు.

4. ఎక్కడ కూర్చోవాలి, ఎవరిని అడగాలి

నడివీధిలో స్టూలు వేసుకుంటే బళ్ళవాళ్ళు తిడతారు. ఎదుటి ఇంటి అరుగు మీద చోటు అడగండి. దీనికి మర్యాద ఒక కారణమైతే చూపు ఇంకో కారణం. అరుగు మీద కూర్చుంటే మీ కన్ను, ఎదుటి అరుగు మీద కూర్చున్నవాళ్ళ కన్ను ఒకే ఎత్తులో ఉంటాయి. నేల మీద చిన్న స్టూలుపై కూర్చుంటే వాళ్ళను కింద నుంచి చూస్తారు, ఇళ్ళన్నీ కోటలైపోతాయి. మేడ ఎక్కి చూస్తే వీధి పటంలా మారిపోతుంది. ఎదుటివాళ్ళతో మాట్లాడే ఎత్తు నుంచి గీసిన బొమ్మే మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

అడగకుండా మొదలుపెడితే ఏమవుతుందో చెబుతాను. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో ఇంటి ఎత్తు కొలుచుకుంటున్నాను. ఎదుటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న మామ్మగారు గబుక్కున లేచారు.

"ఏటి బాబూ, మా ఇల్లు కొలుస్తన్నావు? మళ్ళీ రోడ్డు ఎడల్పు సేస్తారేటి?"

ఆవిడ టెన్షన్ ఆవిడది. పాత పేటల్లో కొలతలు తీసే మనిషి మంచి కబురు తేడు. అప్పటి నుంచి ముందు పాత బొమ్మలు రెండు చూపించి, "బొమ్మ వేసుకుంటానమ్మా, గంటన్నర పడుతుంది" అని చెప్పి మరీ కూర్చుంటున్నాను. ఒడియా ఇంటి ముందైతే ఒడియాలోనే అడగండి, వచ్చీరాని ఒడియా అయినా సరే.

ఫోను ఫొటో తీసుకోండి గానీ దాన్ని నమ్ముకోకండి. ఇరుకు సందులో ఫోను లెన్స్ దగ్గరి గోడను సాగదీస్తుంది, దూరపు ఇళ్ళను అగ్గిపెట్టెలు చేస్తుంది. అన్నిటికన్నా నష్టం ఏమిటంటే, చూరు కింది నీడను నల్లగా చేసేస్తుంది. మన కంటికి ఆ నీడలో పది రంగులు కనిపిస్తాయి.

5. అగ్గిపెట్టెంత బొమ్మలు

కాగితం ముట్టుకునే ముందు నోట్‌బుక్‌లో అగ్గిపెట్టెంత సైజులో మూడు బొమ్మలు వేయండి. మూడే మూడు రంగులు: కాగితం తెలుపు, బూడిద, ముదురు. ఎండ పడ్డ గోడ తెలుపు, నీడ అంతా బూడిద, తలుపు లోపలి చీకటి ముదురు. ఐదు నిమిషాల పని. ఈ అగ్గిపెట్టెలో వీధి కనిపించకపోతే పెద్ద కాగితం మీద కూడా కనిపించదు.

6. గీత

ముందు మీ కంటి ఎత్తున కాగితం మీద అడ్డంగా సన్నని గీత గీయండి. అది చూపు గీత. దానికి పైన ఉన్న చూరులు, కిటికీ తలలు దూరం పోయేకొద్దీ కిందికి వంగుతాయి. కింద ఉన్న అరుగు అంచులు, కాలువలు పైకి లేస్తాయి. అన్నీ ఆ గీత మీద ఒక చోటికి పరుగెడతాయి.

పుస్తకంలో చెప్పినట్టు ఒకే చుక్కకు పరుగెత్తే వీధి కొత్త కాలనీల్లో దొరుకుతుంది. పాత వీధి తాడులా మెలిక తిరుగుతుంది. ప్రతి ఇల్లూ పక్కింటికన్నా కొద్దిగా ముఖం తిప్పుకుని నిలబడుతుంది. అప్పుడు ఒక్కో ఇంటికి ఒక్కో చుక్క. చుక్కలన్నీ మాత్రం ఆ చూపు గీత మీదే ఉండాలి. వీధి కుడికి తిరుగుతుంటే చుక్కలు కూడా కుడికి జరుగుతూ పోతాయి. స్కేలు పెట్టి గీసేవాళ్ళు ఇక్కడే వీధిని చంపేస్తారు. చేత్తోనే గీయండి. నూరేళ్ళ దూలం ఎలాగూ తిన్నగా ఉండదు.

మనుషుల ఎత్తుకు ఒక చిట్కా. మీరు అరుగు మీద కూర్చుని ఉంటే, ఎదుటి అరుగుల మీద కూర్చున్న పెద్దల కళ్ళన్నీ, దగ్గరివాళ్ళైనా దూరంవాళ్ళైనా, చూపు గీత మీదే ఉంటాయి. వీధిలో నిలబడ్డవాళ్ళ తలలు కూడా ఇంచుమించు అక్కడే. అంటే దూరం పోయేకొద్దీ కాళ్ళు పొట్టివవుతాయి, తల మాత్రం ఆ గీతను వదలదు. ఇది తప్పితే మనుషులు గాల్లో తేలుతారు, లేదా గోతిలో దిగినట్టు ఉంటారు.

కిటికీలో ఊచలన్నీ గీయకండి. దగ్గరి ఇంటికి ఒక కిటికీ పూర్తిగా గీయండి, తక్కినవాటికి చీకటి మచ్చ చాలు.

7. మొదటి పూత, నీడ

ఎండ పడ్డ చోట్లకు పల్చటి యెల్లో ఆకర్, అక్కడక్కడ లైట్ రెడ్ చుక్క. ఆకాశానికి సెరూలియన్. పెంకుల మీద బర్న్‌ట్ సియెన్నా. అంతా పాలు కలిపిన టీ అంత పల్చన. బాగా ఎండ పడే అంచులను తెల్లగా వదిలేయండి. పూర్తిగా ఆరనివ్వండి. ఈలోగా ఎవరో ఒకరు టీ ఇస్తారు.

ఇప్పుడు నీడ. బొమ్మ నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నీడ రంగుకు అల్ట్రామెరీన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలపండి. నీలం ఎక్కువైతే చల్లని నీడ, సియెన్నా ఎక్కువైతే వెచ్చని నీడ. ఒకే గిన్నెలో కలిపేయకుండా రెండు పక్కల రెండు రకాలు ఉంచుకోండి. ఆకాశం వైపు తిరిగి ఉన్నవి, అంటే వీధి నేల, అరుగు పైభాగం, నీడలో నీలంగా ఉంటాయి. కిందికి తిరిగి ఉన్నవి, అంటే చూరు లోపలి వైపు, వాసాల కింద, ఎండ పడ్డ నేల నుంచి వెలుతురు పైకి తన్ని వెచ్చగా మెరుస్తాయి. ఇరుకు సందులో ఇంకో మాయ ఉంది. ఎదుటి గోడ ఎండలో పసుపుగా ఉంటే ఇటు నీడగోడ మీద ఆ పసుపు వచ్చి వాలుతుంది. ఎదుటి ఇల్లు కొత్తగా గులాబీ రంగు వేయించుకుంటే ఇవతలివాళ్ళ వసారా కూడా కాస్త గులాబీ అవుతుంది. ఇరుగుపొరుగు అంటే ఇదే, కాగితం మీద చూపించడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

వేసే పద్ధతి ఇది. కాగితం కింద ఒక పుస్తకం పెట్టి కొద్దిగా వాలుగా ఉంచండి. పెద్ద కుంచె నిండా రంగు తీసుకుని మొదటి ఇంటి చూరు కింద మొదలుపెట్టండి. రంగు కింది అంచున బొట్టుగా నిలుస్తుంది, ఆ బొట్టును తోసుకుంటూ గోడ మీదుగా అరుగుకు, అరుగు నుంచి నేలకు, నేల మీదుగా పక్కింటికి వెళ్ళండి. తలుపు వచ్చిందని ఆగకండి, ఇల్లు మారిందని ఆగకండి. మారిస్తే కుంచెలో రంగు మార్చండి: చూరు కింద సియెన్నా, నేల దగ్గర నీలం, ఎదుటి గోడ పసుపు తగిలే చోట ఆకర్ చుక్క తడిలోనే వదలండి. మొత్తం నీడ ఒకే తడి గుడ్డలా పరుచుకోవాలి. ఇంటింటికీ ఆగి వేస్తే అతుకులేసిన బొంతలా ఉంటుంది.

వేశాక ముట్టుకోకండి. సగం ఆరిన నీడను సవరించబోతే గోబీపువ్వుల్లా మచ్చలు విచ్చుకుంటాయి. నాకు ఇప్పటికీ చేయి ఆగదు, అందుకని నీడ వేసిన వెంటనే లేచి వీధి చివరిదాకా నడిచి వస్తాను.

8. గోడ వయసు

పాత గోడ అంటే గోధుమ రంగు అనుకోవడం నా మొదటి తప్పు. సున్నం గోడ నిజానికి తెల్లన, అందులో నీలిమందు కలిపితే కొంచెం నీలి తెలుపు. సున్నం గాలి తగిలి మళ్ళీ రాయిగా మారుతుంది, అందుకే దానికి నిగనిగ ఉండదు, మెత్తగా వెలుగుతుంది. డిస్టెంపరు, ఎమల్షన్ వచ్చాక ఆ వెలుగు పోయి ముఖానికి పౌడరు రాసినట్టు అయింది. రెండు రకాల గోడలూ పక్కపక్కనే ఉంటాయి. సున్నం గోడకు నీళ్ళు ఎక్కువ, రంగు తక్కువ, అంచులు తడిలో కలిసిపోనివ్వండి. పెయింటు గోడకు చదునైన ఒకే పూత, అంచు కత్తిరించినట్టు ఉండాలి.

పెచ్చు ఊడిన చోట ఆగి చూడండి. కిందనుంచి పైకి ఎర్ర ఇటుక, సున్నం, పాచిరంగు, దాని మీద పసుపు, ఆఖరున ఈ ఏటి నీలం. ఎన్ని పండగలకు వెల్ల వేశారో లెక్కపెట్టుకోవచ్చు. నీటిరంగుల్లో దీన్ని తిరగేసి వేయాలి: ముందు అక్కడ లేత రంగులన్నీ తడితడిగా వేసి ఆరనివ్వండి, తర్వాత పైన ఉన్న నీలాన్ని గోడంతా వేస్తూ ఊడిన చోట చిరుగు అంచులతో వదిలేయండి. వదిలిన జాగా పై అంచున మాత్రం సన్నని ముదురు గీత. పెచ్చు మందం తెలుస్తుంది. ఒక బొమ్మకు ఇలాంటి చోటు ఒక్కటి చాలు. గోడలన్నీ పెచ్చులూడదీస్తే అది పేట కాదు, పాడుబడ్డ కోట. అక్కడ మనుషులు ఉంటున్నారు, ఏటా వెల్ల వేసుకుంటున్నారు.

9. బోర్డుల మీది అక్షరాలు

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఆ రోజున ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక అటు కలిసింది. ఆ చరిత్రంతా ఒక్క బజారు బోర్డుల వరసలో కనిపిస్తుంది. బడా బజార్ వైపు నిలబడి కళ్ళు చికిలించి చూడండి. చదవలేనంత దూరంలో కూడా ఏది ఏ లిపో తెలిసిపోతుంది. ఒడియా అక్షరాల బరువు తల మీద ఉంటుంది, ప్రతి అక్షరం మీదా ఒక గొడుగు. తాటాకు మీద గంటంతో అడ్డగీత లాగితే ఆకు చీలిపోతుందని ఆ గీత వంపు తిరిగిందని అంటారు. తెలుగు అక్షరాల బరువు పొట్టలో ఉంటుంది, పైన తలకట్టు టిక్కు కొట్టినట్టు. హిందీ దండెం మీద ఆరేసిన బట్టలు. ఇంగ్లీషు నిలువు కర్రలు.

కుంచెతో వేసేటప్పుడు కూడా అదే. ఒడియా బోర్డుకు ముందు వరసగా చిన్న విల్లులు వేయండి, తర్వాత ఒక్కో విల్లు కింద చిన్న మెలిక. తెలుగుకు ముందు గుండ్రటి సున్నలు, కొన్ని తెరిచినవి, కొన్ని మూసినవి, ఆ పైన ఎడమ నుంచి కుడికి ఎగిరే చిన్న టిక్కులు. అక్షరాలు దూరం పోయేకొద్దీ సన్నబడి దగ్గరగా ఇరుక్కుంటాయి, బోర్డు పై అంచు, కింది అంచు చూపు గీత వైపు వాలతాయి.

పూర్తిగా రాస్తే మీకు చదవడం వచ్చిన ఒక్క బోర్డే రాయండి. ఒకసారి అత్యుత్సాహంతో మిఠాయి కొట్టు పేరంతా ఒడియాలో చూసి రాశాను. కొట్టాయన కూడబలుక్కుని పైకి చదివి, పొట్ట పట్టుకుని నవ్వి, పక్క కొట్టువాళ్ళను కూడా పిలిచి చదివించాడు. నేను ఏం రాశానో ఇప్పటికీ నాకు చెప్పలేదు.

నేను తిరిగే వీధుల్లో కొత్త బోర్డుల మీద ఒడియాదే పెద్దపీట. తెలుగు కోసం వెతకాలి. గుళ్ళో దాతల పేర్లు చెక్కిన రాళ్ళ మీద, పాత ఇంటి నెత్తిన సిమెంటులో పోసిన ఇంటి పేరులో, పెళ్ళయిన ఇంటి గోడ మీద మిగిలిపోయిన రాతలో ఉంటుంది. వాటి దగ్గర కుంచె నెమ్మదించండి. పర్లాకిమిడి వెళ్తే ఈ వెతుకులాట ఇంకా బాగుంటుంది. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు అది.

10. తీగలు, బళ్ళు, మనుషులు

కరెంటు తీగలు తీసేయకండి, అలాగని అన్నీ వేయకండి. మూడు చాలు, పొడుగు కుంచెతో భుజం నుంచి ఒకే లాగుడు. మధ్యలో తెగినా పర్వాలేదు, కన్ను అతుక్కుంటుంది. స్కూటీని పూర్తిగా గీయబోతే బొమ్మంతా స్కూటీ అవుతుంది. హ్యాండిల్, సీటు, కింద ముదురు నీడ, అంతే.

మనుషులను క్యారెట్‌లా వేయడం మామూలు పద్ధతి: పైన వెడల్పు, కింద సన్నం, మీద చుక్క. నడిచేవాళ్ళకు అది సరే. అరుగు మీద కూర్చున్నవాళ్ళకు పనికిరాదు. ఒక కాలు మడిచి ఒక కాలు వేలాడేసే తీరు, స్తంభానికి వీపు ఆనించే తీరు, పేపరు చదువుతూ మెడ వంచే తీరు, ఇవి గమనించి నోట్‌బుక్‌లో ముందే వేసి ఉంచుకోండి. నేతపనివాళ్ళ వీధిలో అయితే మనిషి కన్నా ముందు మగ్గం చప్పుడు వినిపిస్తుంది. చప్పుడును గీయలేం. కానీ సగం తెరిచిన తలుపు లోపలి చీకట్లో ఒక ఎర్ర పట్టు పడుగు మెరుపు పెడితే ఆ వీధివాళ్ళకు అది వినిపిస్తుంది.

మనుషులను ఎంతమందిని పెట్టాలి? ఒకరు దగ్గర, ఇద్దరు జంటగా మధ్యలో, దూరాన రెండు చుక్కలు. ఒక కుక్క ఉంటే మంచిది, బరంపురంలో ఎలాగూ ఉంటుంది.

11. ఆ వీధిలోనే చూపించండి

ఆరాక ఇంటికి పరుగెత్తకండి. చోటిచ్చినవాళ్ళకు, మీరు గీసిన ఇంటివాళ్ళకు చూపించండి. "బాగుందా" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఏం తప్పుంది" అని అడగండి. రంగుల గురించి ఎవరూ మాట్లాడరు. కుళాయి అటు కాదు ఇటు అంటారు, ఆ స్తంభం ఇంకా లావు అంటారు. రాసుకోండి.

రోడ్డు వెడల్పు చేస్తారేమోనని భయపడ్డ మామ్మగారికీ ఆ రోజు బొమ్మ చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని, చూరు నుంచి కాలువ దాకా వేలితో తడుముతూ చూశారు. తన ముఖం సంగతి ఎత్తలేదు.

"ఆ తలుపేటి బాబూ మూసేసినావు? మా తలుపు పగలెప్పుడూ మూయం."

తడి కుంచెతో తలుపు మీద మెల్లగా రుద్ది, టిష్యూతో అద్ది, రంగు లేపాను. అల్ట్రామెరీన్, సియెన్నా చాలావరకు లేస్తాయి, అందుకే అక్కడ ఘాటుగా అంటుకునే రంగులు వాడొద్దనేది. తెలుపు పూర్తిగా తిరిగి రాలేదు, బూడిదగా మిగిలింది. ఆ బూడిద మీదే లోపలి చీకటి ఒక పక్కకు వేసి, తలుపు రెక్కను గోడకు ఆనించాను. చీకట్లో దూరాన, పెరటి వైపు తలుపులోంచి కనిపించే వెలుతురు కోసం తెల్ల పోస్టర్ రంగు ఒక్క చుక్క పెట్టాను. మామ్మగారు ఇంకా తల ఊపలేదు. "ఇంకొంచెం తియ్యి," అన్నారు.